బలహీనమైన కోడిపిల్లకు ముందు వెచ్చదనం, ఆ తర్వాతే నీళ్లూ మేతా

గుడ్డులోంచి బయటపడిన కోడిపిల్ల తల వాల్చి నీరసంగా పడి ఉంటే, చూసినవారెవరికైనా మొదట కలిగే ఆలోచన దాని నోట్లో ఏదో ఒకటి వేయాలన్నదే. నూకలు తెచ్చేవారు, పాలు తెచ్చేవారు, ముక్కు తెరిచి చెంచాతో నీళ్లు పోసేవారు మా గోదావరి జిల్లాల పల్లెల్లో ఎందరో ఉన్నారు. వారి జాలిని నేను తప్పుపట్టను. అయితే పెరటికోళ్లు పెంచుతూ నేను గమనించినదీ, పశువైద్యులను అడిగి నిర్ధారించుకున్నదీ ఒక విషయం ఉంది. మొదటి రోజున బలహీనమైన పిల్ల ఆకలితో చనిపోవడం చాలా అరుదు. ఎక్కువగా అది చలికి చనిపోతుంది, లేదా మనం ఆత్రపడి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగి చనిపోతుంది. అందువల్ల మేత గురించి చెప్పే ముందు మిగతావి చెప్పవలసి ఉంటుంది.

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పిల్ల బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు, గుడ్డులో మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు గుండా దాని కడుపులోకి వెళ్లిపోతుంది. ఆ సొనే దానికి మొదటి 48 నుంచి 72 గంటల వరకు ఆహారం. తల్లికోడి ఆలస్యంగా పగిలే గుడ్ల కోసం తట్టలోనే కూర్చొని ఉన్నా ముందు పుట్టిన పిల్లలు తట్టుకోగలిగేదీ, హేచరీలు, అంటే యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రాలు, ఒకరోజు పిల్లలను చిల్లులున్న అట్టపెట్టెల్లో పెట్టి దూరపు ఊళ్లకు పంపగలిగేదీ ఈ సొన ఆసరాతోనే. అలాగని మూడు రోజులు ఏమీ పెట్టకుండా ఉంచవచ్చని దీని అర్థం కాదు. ఎంత త్వరగా నీరూ మేతా అందితే పేగులు అంత బాగా ఎదుగుతాయి, పిల్ల అంత త్వరగా కోలుకుంటుంది. ఆ సొన మనకు కొన్ని గంటల వ్యవధి ఇస్తుంది, ఆ వ్యవధిని పిల్లను వెచ్చబరచడానికి వాడుకోవాలి.

ఇలా బలహీనంగా కనిపించేవి చాలావరకు ఆలస్యంగా పుట్టిన పిల్లలే. పొదుగుకోడి కింద ఉన్న గుడ్లన్నీ ఒకే గంటలో పగలవు. పది పన్నెండు పిల్లలు నూగు ఆరి తిరగడం మొదలుపెట్టాక, తల్లికి వాటిని మేతకు తీసుకుపోవాలన్న తొందర పుడుతుంది. అప్పుడు తట్టలో మిగిలిన చివరి గుడ్డు చల్లబడుతుంది. అందులోని పిల్ల పెంకును పొడిచి పొడిచి అలసిపోయి, ఎలాగో బయటపడినా తడిసిన నూగుతో ఒంటరిగా ఉండిపోతుంది. ఇంక్యుబేటర్‌లో పెట్టిన గుడ్లలో వేడిమి, తేమ హెచ్చుతగ్గులైనా ఇదే పరిస్థితి వస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటికోళ్ల రకాల పిల్లలను తెచ్చి పెరట్లో పెంచుకునేవారికి తల్లికోడి ఉండదు కాబట్టి, ఆ తల్లి పనంతా మొదటి రోజు నుంచే వారు చేయాలి.

సైకిల్ మీద బుట్ట పెట్టుకొని వీధుల్లో అమ్మే రంగుల కోడిపిల్లల గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన ఆ పిల్లలు చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీలు వద్దనుకున్న పుంజుపిల్లలు. రంగులో తడిసి, ఎండలో తిరిగి, నీళ్లు లేకుండా చిన్నపిల్లల చేతుల్లోకి వస్తాయి. ఇంటికి తెచ్చిన మర్నాటికల్లా అవి చనిపోవడం, చిన్నపిల్లలు ఏడవడం చాలా ఇళ్లలో జరిగేదే. వాటిని కొనవద్దనే నేను చెబుతాను. కానీ ఇంటికి వచ్చేసిన పిల్లను కాపాడుకోవాలంటే, దానికీ ఇప్పుడు చెప్పబోయే పద్ధతే వర్తిస్తుంది.

ముందు అది నిజంగా బలహీనంగా ఉందో లేదో చూడాలి. అప్పుడే పుట్టిన పిల్ల ఎక్కువసేపు నిద్రపోతుంది. నడుస్తూ నడుస్తూ ఉన్నచోటనే ముందుకు వాలిపోయి, ముక్కు నేలకు ఆనించి పడుకుంటుంది. పెంకు పగలగొట్టేందుకు వాడే మెడ వెనుక కండ పుట్టే సమయానికి ఉబ్బి ఉంటుంది కాబట్టి తల బరువుగా ఊగుతున్నట్టు కూడా కనిపిస్తుంది. వేలితో మెల్లగా తాకితే కళ్లు తెరిచి, కాళ్లు కూడదీసుకొని లేచి నిలబడితే దానికేమీ లేదు, పడుకోనివ్వాలి. తాకినా కళ్లు తెరవకపోవడం, కాళ్లు చల్లగా ఉండడం, అరుపు సన్నగా తెగిపోతున్నట్టు రావడం, అరచేతిలో పెట్టుకుంటే మెడ నిలపలేకపోవడం, కాళ్ల మీది చర్మం ఎండి ముడతలు పడి నరాలు తేలి కనిపించడం, ఇవన్నీ సాయం అవసరమన్న సూచనలు. దాని పాదాలను మన చెంపకు ఆనించి చూస్తే చలి పట్టిందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

నాటుకోడి గుడ్డు సుమారు 40 గ్రాములు ఉంటే, దాని పిల్ల అందులో మూడింట రెండు వంతుల బరువు, అంటే 27 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అంత చిన్న ఒంటికి సొంతంగా వేడిని నిలుపుకునే శక్తి మొదటి వారం పది రోజుల వరకు సరిగా ఉండదు. పెద్దకోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. పిల్లలు తల్లి రెక్కల కింద దూరేది ఆ వేడి కోసమే. ఆ వేడి లేని పిల్లకు జీర్ణక్రియ మందగిస్తుంది. మింగినది కదలదు, మెడ కింది మేతసంచిలోనే నిలిచి పులుస్తుంది. అందుకే చల్లగా ఉన్న పిల్లకు బెల్లం నీళ్లయినా సరే, వెచ్చబడేదాకా ఇవ్వకూడదు.

వెచ్చబరచడానికి మొదటి సాధనం మన చేతులే. నూగు తడిగా ఉంటే మెత్తని పాత నూలుగుడ్డతో అద్ది, రెండు అరచేతుల మధ్య పెట్టుకొని కాసేపు కూర్చోవాలి. తర్వాత ఒక అట్టపెట్టె గానీ, గంప గానీ తీసుకొని, అడుగున గోనెసంచి ముక్క లేదా గరుకుగా ఉన్న గుడ్డ పరిచి, ఒక పక్కన 40 లేక 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు వేలాడదీయాలి. ఇప్పుడు ఇళ్లన్నింటా ఎల్ఈడీ బల్బులే ఉన్నాయి. వాటి వెలుతురు ఎంత బాగున్నా పిల్లకు పనికొచ్చే వేడి వాటి నుంచి రాదు కాబట్టి, ఒక ఫిలమెంట్ బల్బును కొని దాచుకోవడం పెరటికోళ్లవారికి అవసరం. పిల్ల వీపు ఎత్తులో వేడి మొదటి వారం సుమారు 35 డిగ్రీలు ఉండి, ఆపై వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గుతూ రావాలి. మామూలు పిల్లకు వేడి ఎక్కువైతే పక్కకు జరుగుతుంది, బలహీనమైన పిల్ల జరగలేదు. అందువల్ల బల్బును మరీ దగ్గరగా పెట్టి వదిలేసి వెళ్లకూడదు. పిల్ల రెక్కలు దించి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే వేడి ఎక్కువైందని, ముడుచుకొని ఆపకుండా గట్టిగా అరుస్తుంటే చాలలేదని తెలుసుకోవాలి. కరెంటు పోయిన రాత్రి సీసాలో వేడినీళ్లు నింపి, తువ్వాలు చుట్టి పక్కన ఆనించి పెడితే కొన్ని గంటలు గడుస్తాయి. ఇక ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో మన ఇళ్లలోని గాలే 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. అప్పుడు బల్బు వెలిగించడం అనవసరం, ప్రమాదం కూడా. తెల్లవారుజామున మాత్రం గమనించి చూసుకోవాలి.

కాళ్లు వెచ్చబడి, పిల్ల కళ్లు తెరిచి, తల ఎత్తడానికి ప్రయత్నించినప్పుడు నీళ్లు పట్టే సమయం వచ్చినట్టు. ఇక్కడే ఎక్కువ ప్రాణాలు పోతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కోడి నీళ్లను మనలా గొంతులోకి లాక్కోలేదు. ముక్కు ముంచి కొద్దిగా నీళ్లు తీసుకొని, తల పైకెత్తి, అవి వాటంతట అవే గొంతులోకి జారేలా చేస్తుంది. శ్వాసనాళం ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది. మనుషులకు మింగేటప్పుడు ఆ ద్వారాన్ని కప్పే మూత వంటి భాగం పక్షులకు లేదు. తల నిలపలేని పిల్ల నోరు తెరిచి డ్రాపర్‌తో ఒక్కసారి నీళ్లు వదిలితే, అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. ముక్కు రంధ్రాల నుంచి బుడగలు రావడం, ఊపిరిలో గురగుర శబ్దం వినిపించడం అలా జరిగిందనడానికి గుర్తులు.

కాబట్టి నోరు తెరవకూడదు. పిల్లను ఎడమ అరచేతిలో నిలువుగా, కాళ్లు కిందికి ఉండేలా, ఛాతీ మీద ఒత్తిడి పడకుండా పట్టుకోవాలి. గోరువెచ్చని నీటిలో వేలు గానీ దూదిపుల్ల గానీ ముంచి, ముక్కు పక్కన రెండు దవడలు కలిసే అంచు దగ్గర ఒక చుక్క నిలిచేలా తాకించాలి. చుక్క ముక్కు సందులోకి పాకగానే పిల్ల నాలుక ఆడిస్తుంది, తల కొద్దిగా ఎత్తి మింగుతుంది. అది మింగిన తర్వాతే రెండో చుక్క. మూడు నాలుగు చుక్కలు తాగాక కింద పెట్టి, వెచ్చగా పడుకోనిచ్చి, అరగంటకో గంటకో మళ్లీ ప్రయత్నించాలి. మా పక్కింటి అబ్బాయికి ఈ పని అంటే ఎంతో ఇష్టం. చుక్క వేసిన వెంటనే "అత్తా, ఇది మింగట్లేదు, ఇంకాస్త వెయ్యనా?" అని అడుగుతుంటాడు. "వెయ్యకు నాన్నా, మింగేదాకా ఆగు" అని నేను చెబుతుంటాను. ఆ ఆగడమే ఇందులో అసలైన పని, దానికి పెద్దల కంటే పిల్లలే త్వరగా అలవాటు పడతారు.

మొదటి కొన్ని గంటలు ఆ నీళ్లలో కొంచెం తీపి ఉండడం మంచిది. గ్లాసు గోరువెచ్చని నీటిలో రెండు చిన్న చెంచాల బెల్లం కరిగించి గుడ్డతో వడకట్టినా సరే, గ్లూకోజు పొడి కలిపినా సరే. హేచరీ నుంచి ఎండలో ప్రయాణించి వచ్చిన పిల్లలకు కోళ్ల కోసం అమ్మే ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడి దొరికితే ఇంకా మేలు. పిల్ల లేచి తిరగడం మొదలుపెట్టాక తీపి నీళ్లు ఆపి, మామూలు నీళ్లే ఇవ్వాలి. రోజుల తరబడి బెల్లం నీళ్లు ఇస్తే రెట్ట పలుచబడి వెనుక భాగం అంటుకుపోతుంది. పాలు మాత్రం ఎప్పుడూ వద్దు. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు, విరేచనాలు పట్టుకొని ఉన్న కాస్త నీరూ ఒంట్లోంచి పోతుంది.

చేతిలో తాగడం వచ్చిన పిల్లకు తనంత తానుగా తాగడం నేర్పాలి. కోడిపిల్లకు నీళ్లంటే ఏమిటో పుట్టుకతో తెలియదు. నిశ్చలంగా ఉన్న నీటి పళ్లెం పక్కనే నిలబడి దాహంతో ఉండిపోగలదు. అయితే మెరిసే చిన్న వస్తువును పొడవాలన్న ఆసక్తి మాత్రం దానికి పుట్టుకతోనే ఉంటుంది. అందుకే లోతులేని మూతలో నీళ్లు పోసి, అందులో రంగు గోలీలో, తెల్లని గులకరాళ్లో వేస్తే, వాటిని పొడవబోయి ముక్కు తడుపుకుంటుంది. ముక్కు తడవగానే తల ఎత్తుతుంది, నీళ్లు గొంతు దిగుతాయి, ఆ తర్వాత అది మరిచిపోదు. గోలీలు ఉంటే పిల్ల నీళ్లలో పడి మునిగిపోయే ప్రమాదం కూడా తప్పుతుంది. ముక్కును నీళ్లలో ముంచవలసి వస్తే కొన మాత్రమే ముంచాలి, ముక్కు రంధ్రాలు ఎట్టి పరిస్థితుల్లోనూ మునగకూడదు.

మేత దీని తర్వాత సంగతి. నీళ్లు రెండు మూడు సార్లు తాగి, కాళ్ల మీద నిలబడగలిగి, నేల మీది చుక్కలను పొడవడం మొదలుపెట్టిన పిల్లకే మేత పెట్టాలి. నేను మొదట పెట్టేది కోడిపిల్లల స్టార్టర్ దాణా. దానిని గోరువెచ్చని నీటితో తడిపి, వేళ్ల మధ్య నలిపితే ముద్ద కట్టకుండా పొడిపొడిగా విడిపోయేంత మెత్తగా చేస్తాను. స్టార్టర్ దాణా దొరకని ఊళ్లో ఉడికించిన గుడ్డు పచ్చసొనను చిదిపి చిటికెడు పెట్టవచ్చు. కోడిపిల్లకు గుడ్డు పెట్టడమేమిటని మా అత్తయ్య మొదట్లో బాధపడేవారు. పుట్టేదాకా అది తిన్నదీ, పుట్టాక రెండు రోజులు దాని కడుపులో ఉన్నదీ ఆ సొనే కదా అని చెప్పాక సమాధానపడ్డారు. సొన త్వరగా పాడవుతుంది కాబట్టి గంటలోపు మిగిలినది తీసేయాలి, అది ఒకటి రెండు పూటలకే పరిమితం కావాలి.

నూకల గురించి నా అభిప్రాయం చెబుతాను. మన ఇళ్లలో పిల్లల కోడికి నూకలు, చోళ్లు (రాగులు) చల్లడం తరతరాల అలవాటు. తల్లి వెంట తిరిగే పిల్లలు నూకలతో పాటు చెదలు, పురుగులు, లేత గడ్డి కూడా తింటాయి కాబట్టి వాటికి లోటు రాదు. గంపలో బల్బు కింద ఉన్న బలహీనమైన పిల్లకు ఆ పురుగులు ఎవరు తెచ్చిపెడతారు? బియ్యంలో మాంసకృత్తులు 7, 8 శాతానికి మించవు. ఎదిగే కోడిపిల్లకు దాణాలో 20 శాతం వరకు కావాలి. కేవలం నూకలతో అది కొన్ని రోజులు బతికినా ఎదగదు. మేతతో పాటు పశువుల మందుల దుకాణాల్లో దొరికే కోళ్ల విటమిన్ చుక్కల మందును, సీసా మీద ఉన్న మోతాదు మించకుండా, నీళ్లలో కలిపి ఇవ్వడం మంచిది. బి విటమిన్ల లోపంతో కాలి వేళ్లు లోపలికి ముడుచుకుపోయే పిల్లలు, మెడ వెనక్కి విరుచుకుపోయే పిల్లలు ఉంటాయి. సమయానికి విటమిన్ అందితే వాటిలో కొన్ని కోలుకుంటాయి.

తినడం నేర్పడానికి తల్లికోడి ఏం చేస్తుందో చూస్తే చాలు. అది గింజను ముక్కుతో తీసి, పిల్లల ముందు వదిలి, మళ్లీ తీసి, మళ్లీ వదిలి, టుక్ టుక్ మని పిలుస్తుంది. ఆ కదలికకూ, ఆ చప్పుడుకూ పిల్లలు పరుగెత్తుకొస్తాయి. మనం కూడా అట్టముక్క మీద దాణా చల్లి, చూపుడువేలి గోటితోనో పెన్సిల్ మొనతోనో గింజల మధ్య టకటకా తడుతూ ఉంటే, పిల్ల తల తిప్పి చూసి వేలు ఉన్నచోటే పొడుస్తుంది. మొదట్లో అది మేతనూ, రెట్టనూ, ఊకనూ, తన కాలివేళ్లనూ ఒకే విధంగా పొడుస్తుంది. ఏది కడుపు నింపుతుందో తెలుసుకోవడానికి దానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే మొదటి రోజుల్లో గంప అడుగున ఊక పోయకుండా గుడ్డ పరచమన్నాను. న్యూస్‌పేపర్ కూడా వద్దు, నున్నటి కాగితం మీద కాళ్లు జారి రెండు వైపులకు చాపుకుపోతాయి.

వేలితో తట్టడం కంటే బాగా పనిచేసేది తోడు. ఒంటరి కోడిపిల్ల తోడు కోసం అరుస్తూనే తన బలమంతా ఖర్చు చేసుకుంటుంది, మేత ముందున్నా చూడదు. తల్లి దగ్గరి నుంచి చురుకైన పిల్లను ఒకదాన్ని తెచ్చి దాని పక్కన పెడితే, అరుపు ఆగుతుంది, రెండూ ఒకదానికొకటి ఆనుకొని వెచ్చగా పడుకుంటాయి, తర్వాత ఒకటి పొడిస్తే రెండోది పొడుస్తుంది. తోడు పిల్ల మరీ దూకుడుగా ఉండి దీన్ని తొక్కేస్తుంటే మాత్రం మార్చాలి. సాయంత్రం వేళ మెడ కింద, ఛాతీకి కుడివైపు వేలితో మెత్తగా తాకి చూస్తే మేతసంచి చిన్న ఉబ్బుగా తగలాలి. తెల్లవారేసరికి అది ఖాళీ అయి ఉండాలి. సాయంత్రం ఖాళీగా ఉంటే తినలేదని, పొద్దున్నే నిండుగా ఉంటే అరగలేదని తెలుస్తుంది.

తినే పిల్ల కూడా వెనుక భాగం అంటుకుపోతే చనిపోతుంది. రెట్ట ఎండి తోక కింది ద్వారాన్ని మూసేస్తే, గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో కాసేపు నానబెట్టి, లాగకుండా తుడిచి, ఆరబెట్టి, కొద్దిగా కొబ్బరినూనె రాయాలి. అయితే పొట్ట మధ్యలో ఎండిన దారంలా కనిపించేది బొడ్డు, దాన్ని రెట్ట అనుకొని లాగేవారు ఉన్నారు. దాన్ని అసలు ముట్టుకోకూడదు. బొడ్డు చుట్టూ ఎర్రబడి, పొట్ట ఉబ్బి, చెడు వాసన వస్తుంటే లోపలి సొన సంచికి రోగం సోకిందని అర్థం. అది ఇంటి వైద్యానికి లొంగదు, పశువైద్యుడికి చూపించాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది. కాళ్లు చాపుకుపోయిన పిల్లకు రెండు కాళ్లనూ మామూలుగా నిలబడేంత ఎడంలో మెత్తని టేపుతో కలిపి రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు సరిపోతుంది. అంతవరకు నీళ్లూ మేతా దాని ముక్కుకు అందేంత దగ్గరలో పెట్టాలి.

ఇంత చేసినా కొన్ని నిలవవు. గుడ్డులోనే సరిగా ఎదగని పిల్లలు, ముక్కు పై దవడ ఒకవైపు, కింది దవడ ఒకవైపు మరీ ఎక్కువగా తిరిగిన పిల్లలు, సొన సంచి బయటే ఉండిపోయిన పిల్లలు మన శ్రమకు అందవు. అటువంటిదానికి బలవంతంగా నోట్లో కుక్కడం వల్ల బాధ పెరుగుతుందే కానీ ప్రయోజనం లేదు. వెచ్చగా, ప్రశాంతంగా ఉంచడమే దానికి మనం చేయగలిగింది.

కోలుకున్న పిల్లను తల్లి దగ్గరికి చేర్చడంలో ఆలస్యం చేయకూడదు. రెండు మూడు రోజుల లోపైతే తల్లి సాధారణంగా స్వీకరిస్తుంది, వారం దాటితే కొత్త పిల్ల అనుకొని పొడవవచ్చు. పగటిపూట తీసుకెళ్లి మిగతా పిల్లల మధ్య వదలకుండా, చీకటి పడ్డాక గంపలో కోడి కళ్లు మూసుకొని కూర్చున్నప్పుడు, తోడు పిల్లతో కలిపి మెల్లగా రెక్క కిందికి నెట్టాలి. మర్నాడు గంప ఎత్తే ముందే అక్కడ ఉండి, తల్లి పిలిచినప్పుడు అది మిగతావాటితో పాటు వస్తోందో లేదో చూడాలి. వెనకబడిపోతుంటే పగలు గంపలోనే దాణా, నీళ్లు పెట్టి, రాత్రి తల్లి కింద పడుకోబెడుతూ కొన్నాళ్లు సాగించవచ్చు. 5 నుంచి 7 రోజుల వయసులో పిల్లలన్నిటికీ కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా చుక్కల టీకా వేయించేటప్పుడు, ఈ పిల్ల ఇంకా నీరసంగానే ఉంటే ఆ సంగతి పశువైద్య సిబ్బందికి ముందుగా చెప్పి, వారు చెప్పిన రోజున వేయించాలి.